పాత అవుట్‌బోర్డ్ మోటారులో ఇంధన ఫిల్టరు: పూడిక, శుభ్రత

అవుట్‌బోర్డ్ మోటారు అంటే పడవ వెనుక పలకకు బిగించి, పని అయ్యాక ఊడదీసి ఒడ్డుకు తెచ్చుకోగల ఇంజను. ఇంజను, నిలువు ఇరుసు, నీటిలో తిరిగే పంకా అన్నీ ఒకే చట్రంలో ఉంటాయి. ట్యాంకు నుంచి కార్బ్యురేటరుకు వెళ్లే పెట్రోలులోని మడ్డిని, తుప్పును ఆపడానికి దారిలో పెట్టిన వడపోత భాగమే ఇంధన ఫిల్టరు. 1970ల వరకు తయారైన మోటార్లలో ఇది చిన్నదే. కొన్నిటిలో రూపాయి బిళ్లంత ఇత్తడి జాలీ, కొన్నిటిలో గాజు గిన్నెలో కూర్చున్న గుండ్రటి వడపోత ముక్క. ఇది పూడుకుపోతే మోటారు స్టార్ట్ కాదు, స్టార్ట్ అయినా వేగం అందుకోగానే ఆగిపోతుంది.

విప్పి కడగడం కష్టమైన పనేమీ కాదు. అయితే చెడు సాధారణంగా ఫిల్టరులో పుట్టదు. ట్యాంకులోనో గొట్టంలోనో నిల్వ ఉన్న పెట్రోలులోనో పుట్టి, ఫిల్టరు దగ్గర బయటపడుతుంది. కారణం పట్టుకోకుండా జాలీ ఒక్కటే కడిగితే పూడిక తిరిగి వస్తుంది. టూ స్ట్రోక్ మోటారులో దీనివల్ల మరో ముప్పు ఉంది. ఇందులో ఆయిలు పెట్రోలులోనే కలిసి ఇంజనులోకి వెళుతుంది. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది.

చరిత్ర

అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ 1900ల మొదటి దశాబ్దంలోనే డెట్రాయిట్‌లో ఇలాంటి మోటార్లు అమ్మాడు. వాటికి విస్తృతమైన మార్కెట్ తెచ్చినవాడు నార్వేలో పుట్టి విస్కాన్సిన్‌లో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్. మిల్వాకీలో 1909లో అతను అమ్మకానికి పెట్టిన మోటారు శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు సుమారు 28 కిలోలు. 1920ల ఆరంభంలో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ నుంచి జాన్సన్ సోదరుల లైట్ ట్విన్ వచ్చింది. దాని బరువు 16 కిలోలే. 1930ల్లో ఈ రెండు పేర్లూ ఒకే యాజమాన్యం కిందికి చేరాయి. 1956 నుంచి ఆ సంస్థ పేరు అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్. మెర్క్యురీ మోటార్లను 1939లో కార్ల్ కీక్‌హేఫర్ విస్కాన్సిన్‌లోని సీడర్‌బర్గ్‌లో మొదలుపెట్టాడు. ఇంగ్లండులో 1930ల నుంచి బ్రిటిష్ సీగల్ మోటార్లు చిన్న పడవలకు, తెరచాప నావలకు సహాయక ఇంజన్లుగా ప్రాచుర్యం పొందాయి. జపాన్‌లో తొహట్సు 1956లో, యమహా 1960లో తమ తొలి అవుట్‌బోర్డ్‌లు తెచ్చాయి.

ఫిల్టరు ఎక్కడ ఉండాలన్నది ట్యాంకు ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి మారుతూ వచ్చింది. తొలి మోటార్లలో ట్యాంకు ఇంజనుకే అతికి, కార్బ్యురేటరు కంటే ఎత్తులో ఉండేది. పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగేది. కనుక ట్యాంకు అడుగున ఉన్న కుళాయిలోనే ఒక జాలీ పెట్టేవారు. 1949లో జాన్సన్ క్యూడీ అనే 10 హార్స్‌పవర్ మోటారుతో పద్ధతి మారింది. ముందుకు, వెనక్కు నడిపే గేరుతో పాటు, పడవలో విడిగా పెట్టుకునే ట్యాంకు దానితో వచ్చింది. ఇంజను క్రాంక్ కేసులోని గాలి ఒత్తిడి ఒక గొట్టం ద్వారా ట్యాంకులోకి వెళ్లి, రెండో గొట్టం గుండా పెట్రోలును పైకి నెట్టేది. ఎవిన్‌రూడ్ మోటార్లూ ఇదే దారి పట్టాయి. 1950ల చివర, 1960ల ఆరంభంలో పలుచని డయాఫ్రం ఉన్న ఇంధన పంపు రావడంతో రెండు గొట్టాల అవసరం పోయింది. అప్పటి నుంచి ఫిల్టరు పంపు మూతలోకో పంపుకు, కార్బ్యురేటరుకు మధ్యకో చేరింది.

పెట్రోలు నడిచే దారి

పంపు ఉన్న మోటారులో పెట్రోలు ముందుగా ట్యాంకులోకి దిగిన పీల్చుగొట్టం కొసన ఉన్న జాలీ దాటుతుంది. తర్వాత రబ్బరు గొట్టం, మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు. బల్బుకు రెండు వైపులా ఉండే కవాటాలు పెట్రోలును ముందుకే పోనిస్తాయి. బల్బు మీది బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి. అక్కడి నుంచి కనెక్టరు, పంపు, ఫిల్టరు దాటి కార్బ్యురేటరు గిన్నెకు చేరుతుంది. గిన్నెలో తేలే ఫ్లోటు పైకి లేచినప్పుడు సూది కవాటం మూసుకుంటుంది, పెట్రోలు తగ్గితే తెరుచుకుంటుంది. గిన్నె నుంచి సన్నటి జెట్ రంధ్రాల గుండా పెట్రోలు గాలిలో కలుస్తుంది.

ఫిల్టరు కాపాడవలసినవి ప్రధానంగా ఆ జెట్ రంధ్రాలు, సూది కవాటం. ప్రధాన జెట్ రంధ్రం మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. మోటారు నిదానంగా తిరిగేటప్పుడు పనిచేసే రంధ్రాలు అంతకంటే సన్నం. అంగుళానికి 100 కన్నులున్న జాలీలో ఒక్కో కన్ను సుమారు 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఏడో వంతు. జెట్‌లో ఇరుక్కునే నలుసును ఆపడానికి అది చాలు. సన్నటి తుప్పు పొడి మాత్రం దాన్ని దాటిపోయి కార్బ్యురేటరు గిన్నె అడుగున పేరుకుంటుంది.

ఫిల్టర్లలో రకాలు

కుళాయి జాలీ: ట్యాంకు ఎత్తున ఉన్న మోటార్లలో కనిపిస్తుంది. కుళాయిని ట్యాంకు నుంచి మరతిప్పి తీస్తే, ట్యాంకు లోపలికి పొడుచుకున్న సన్నటి ఇత్తడి జాలీ గొట్టం బయటికి వస్తుంది. సీగల్ మోటార్లు ఈ తరహావే.

గాజు గిన్నె: 1950ల మోటార్లలో విరివిగా వాడారు. గాజు కావడంతో లోపల చేరిన మడ్డి, నీరు విప్పకుండానే కనిపిస్తాయి. గిన్నెను ఒక తీగ చట్రం, దాని అడుగున చేత్తో తిప్పే నట్టు పట్టి ఉంచుతాయి. పై అంచున బెండు లేదా రబ్బరు గాస్కెట్, లోపల జాలీ గాని, ఇత్తడి లేదా కంచు రేణువులను అతికించి చేసిన రంధ్రాల ముక్క గాని ఉంటాయి.

పంపు మూత జాలీ: 1960ల నుంచి వాడుకలోకి వచ్చింది. పంపు పైమూత నడుమనున్న ఒకే స్క్రూ విప్పితే మూత, గాస్కెట్, గుండ్రటి జాలీ వరసగా వస్తాయి.

పీల్చుగొట్టం జాలీ: విడి ట్యాంకు లోపల అడుగున ఉంటుంది. అన్నిటికంటే ముందు పూడేది ఇదే అయినా, కంటికి కనబడదు గనుక చాలామంది మరచిపోయేదీ ఇదే.

కాగితం ఫిల్టరు: తర్వాతి కాలపు మోటార్లలో, నీటిని వేరుచేసే విడి ఫిల్టర్లలో కనిపిస్తుంది. 10 మైక్రాన్ల రకం సాధారణం. దీన్ని కడిగి వాడకూడదు, మార్చాలి.

పూడిక ఎందుకు వస్తుంది

పాత మోటారుకు ప్రధాన శత్రువు వాడకం కాదు, వాడకుండా ఉంచడం. పెట్రోలులోని కొన్ని హైడ్రోకార్బన్లు గాలిలోని ఆక్సిజనుతో కలిసి నెలల తరబడి నెమ్మదిగా జిగట బంకగా మారతాయి. ఇంకోవైపు తేలికపాటి భాగాలు ఆవిరైపోతాయి. పెట్రోలు ఆవిరైనా, అందులో కలిపిన ఆయిలు పోదు. జాలీ కన్నుల్లో పొరలా పట్టి బంకకు తోడవుతుంది. 1964కు ముందు వచ్చిన చాలా జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లకు 24 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలు కలపాలి, అంటే లీటరుకు సుమారు 42 మిల్లీలీటర్లు. తర్వాతి మోటార్లకు 50 పాళ్లకు ఒకటి, అంటే 20 మిల్లీలీటర్లు. ఆయిలు ఎక్కువ పడే పాత మోటార్లలో ఆ పొర దట్టంగా ఉండడానికి కారణం ఇదే.

రెండో కారణం నీరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి గాలిలోని తేమ గోడలకు పట్టి అడుగుకు జారుతుంది. పెట్రోలు కంటే నీరు బరువు కాబట్టి పీల్చుగొట్టం దగ్గరే నిలుస్తుంది. ఇనుప ట్యాంకయితే తుప్పు, ఇత్తడి భాగాలయితే చిలుము, అల్యూమినియం అయితే తెల్లటి పొడి పుడతాయి.

మూడో కారణం ఇథనాల్. అమెరికాలో 10 శాతం ఇథనాల్ పెట్రోలు సాధారణమైపోయింది. 2001కి ముందు తయారైన కార్లలోనూ, పడవ ఇంజన్లలోనూ 15 శాతం రకం వాడడానికి అక్కడి పర్యావరణ సంస్థ అనుమతి లేదు. భారతదేశంలో 20 శాతం ఇథనాల్ పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇథనాల్ తేమను తనలో కలుపుకుంటుంది. 10 శాతం రకంలో నీరు సుమారు అర శాతం దాటితే, నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. మోటారు అప్పుడు పెట్రోలుకు బదులు ఆ మిశ్రమాన్ని పీలుస్తుంది. ట్యాంకు గోడలకు దశాబ్దాలుగా అంటుకున్న పాత బంకను కూడా ఇథనాల్ కరిగించి ఫిల్టరుకు చేరుస్తుంది. పాత రబ్బరు గొట్టాల లోపలి పొర ఉబ్బి, నల్లటి పెచ్చులుగా ఊడుతుంది.

ఇథనాల్ చేసే ఇంకో చేటు పాత కార్బ్యురేటర్లకే ప్రత్యేకం. వాటిలో ఫ్లోటును బెండుతో చేసి, పెట్రోలు లోపలికి ఇంకకుండా పైన లక్క పూసేవారు. లక్క పెట్రోలులో కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. అలా కరిగిన లక్క జెట్లకు అంటుకుంటుంది, పూత పోయిన బెండు పెట్రోలు పీల్చి బరువెక్కి మునుగుతుంది. పునరుద్ధరించేవారు అందుకే ఆ ఫ్లోటుకు ఇథనాల్‌కు తట్టుకునే పూత వేస్తారు, లేదా ప్లాస్టిక్ ఫ్లోటు మారుస్తారు.

లక్షణాలు, గుర్తించే పద్ధతి

ఫిల్టరు పాక్షికంగా పూడినప్పుడు మోటారు నిదానంగా బాగానే తిరుగుతుంది, పూర్తి వేగానికి లాగితే తడబడి ఆగిపోతుంది. టూ స్ట్రోక్ మోటారు పూర్తి వేగంలో ప్రతి 10 హార్స్‌పవర్‌కు గంటకు సుమారు ఒక అమెరికన్ గాలను, అంటే 3.8 లీటర్లు తాగుతుందని స్థూలమైన లెక్క. నిదానంగా ఉన్నప్పుడు అందులో కొద్ది భాగం చాలు. సగం మూసుకున్న జాలీ ఆ కొద్దిని ఇవ్వగలదు, పూర్తి అవసరాన్ని తీర్చలేదు.

పెట్రోలు అందక ఆగే మోటారు గొంతు తగ్గుతూ, వెనకాడుతూ ఆగుతుంది. నిప్పురవ్వ పోయి ఆగేది స్విచ్చి కట్టేసినట్టు టక్కున ఆగుతుంది. ఆగిన వెంటనే స్పార్క్ ప్లగ్గు విప్పి చూస్తే, పెట్రోలు అందనిది పొడిగా ఉంటుంది. మోటారు తడబడుతున్నప్పుడు రబ్బరు బల్బును నొక్కితే తేరుకుంటుందంటే లోపం ఇంధన సరఫరాలోనే ఉంది. అది పూడిక కావచ్చు, అలసిన పంపు డయాఫ్రం కావచ్చు. బల్బు దానంతటది చప్పిడి పడిపోతే అడ్డు బల్బుకు వెనుక, ట్యాంకు వైపు ఉంది. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి చొరబడుతోంది, లేదా బల్బు కవాటం పనిచేయడం లేదు.

ఫిల్టరు విప్పే ముందు ట్యాంకు మూత చూడాలి. మామూలు ట్యాంకు మూతకున్న గాలి మర తెరవకపోతే లోపల శూన్యం ఏర్పడి, కొన్ని నిమిషాలకు మోటారు ఆగిపోతుంది. లక్షణాలు అచ్చం పూడికవే. రెండు గొట్టాల ఒత్తిడి ట్యాంకులో పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడ మూత గట్టిగా మూసుకోవాలి. మూత గాస్కెట్ ఎండి గాలి పోతే పెట్రోలు పైకి ఎక్కదు.

ఈ దశలో మోటారును బలవంతంగా నడపడం ప్రమాదం. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయిన మిశ్రమం వేడిగా మండుతుంది. అదే సమయంలో ఆయిలు కూడా తగ్గుతుంది. పిస్టను పక్కలు గీతలు పడి, చివరికి సిలిండరులో పట్టేస్తుంది.

శుభ్రపరిచే విధానం

పని ఆరుబయట, ఇంజను చల్లారాక మొదలుపెట్టాలి. పెట్రోలు ఆవిరి సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకోగలదు. గాలి కంటే బరువు కనుక పడవ అడుగున గుంటల్లో నిలుస్తుంది. దగ్గరలో బీడీ, స్టవ్వు, వేలాడే బల్బు దీపం ఉండకూడదు. బ్యాటరీ ఉంటే తీగలు తప్పించాలి, స్పార్క్ ప్లగ్గు తీగ లాగేయాలి. ఒత్తిడి ట్యాంకయితే గొట్టం ఊడదీయడానికి ముందే మూతను నెమ్మదిగా వదులు చేసి లోపలి గాలిని పోనివ్వాలి. లేకపోతే పెట్రోలు చిమ్ముతుంది.

గాజు గిన్నె ఉన్నచోట కుళాయి కట్టి, కింద డబ్బా పెట్టి, అడుగు నట్టును చేత్తోనే తిప్పాలి. పటకారు పెడితే గాజు పగులుతుంది. తీగ చట్రం పక్కకు తప్పుకున్నాక గిన్నెను కాస్త తిప్పుతూ లాగితే ఎండిన గాస్కెట్ వదులుతుంది. గిన్నెలోది పారబోయకముందు వెలుగుకు ఎత్తి పట్టి చూడాలి. పెట్రోలు కింద నీరు ఉంటే, గిన్నె వంచినప్పుడు గుండ్రటి బొట్టు గాజుకు అంటకుండా జారుతుంది. దాని అంచున ఎర్రటి తుప్పు పొడి గీతలా పేరుకుని ఉంటే ట్యాంకు లోపల తుప్పు పడుతోందని అర్థం.

జాలీని శుభ్రమైన పెట్రోలులో లేదా కార్బ్యురేటరు ద్రావకంలో నానబెట్టి, మెత్తటి కుంచెతో తుడవాలి. సూదితో, తీగతో పొడవకూడదు. ఒక కన్ను పెద్దదైతే నలుసులన్నీ ఆ దారినే పోతాయి. గాలి ఊదేటప్పుడు పెట్రోలు వచ్చే దిశకు ఎదురుగా, తక్కువ ఒత్తిడితో ఊదాలి. రేణువుల ముక్కలను ఎక్కువసేపు నానబెట్టి, ఎదురు దిశలో ద్రావకం పంపి కడుగుతారు. అయినా పెట్రోలు సాఫీగా కారకపోతే మార్చడమే మేలు. నూలు పోగులు వదిలే గుడ్డ ఈ పనికి పనికిరాదు. ద్రావకం పంపు డయాఫ్రానికి, రబ్బరు గాస్కెట్లకు తగలకూడదు.

పంపు మూత జాలీ విప్పేటప్పుడు ఏ ముక్క ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తడబాటు ఉండదు. పాత గాస్కెట్‌ను మళ్లీ వాడితే గాలి పీలుస్తుంది. గాలి పీల్చే పంపు ప్రవర్తన పూడిన పంపులాగే ఉండడంతో, పని చేసినవాడు కడిగింది చాలలేదనుకుని మరోసారి విప్పడం మామూలు.

బిగించిన వెంటనే మోటారు స్టార్ట్ చేయకూడదు. ముందు కుళాయి తెరిచి గాని, బల్బు నొక్కి గాని ఫిల్టరు నింపి, చుట్టూ పొడిగుడ్డతో తుడిచి, తడి ఊరుతోందేమో చూడాలి. ఊరడం లేదని తేలాకే మోటారును నీళ్ల డ్రమ్ములో నిలిపి నడపాలి. నీరు లేకుండా తిప్పితే చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు రెక్కలు పాడవుతాయి. వాడిన ద్రావకాన్ని, పాత పెట్రోలును కాలువలోనో చెరువులోనో పోయకూడదు.

మడ్డి చెప్పే కారణం

ఫిల్టరులో దొరికిన పదార్థమే తర్వాత ఏం చేయాలో నిర్ణయిస్తుంది. ఎర్రటి పొడి అయితే ట్యాంకు లోపల తుప్పు, దాన్ని గీకి కడగాలి లేదా ట్యాంకు మార్చాలి. నల్లటి మెత్తని పెచ్చులు గొట్టం లోపలి పొర, గొట్టాన్ని బల్బుతో సహా మార్చాలి. గోధుమ రంగు, పాత వార్నిషు వాసన ఉన్న బంక నిల్వ పెట్రోలుది, కార్బ్యురేటరు కూడా విప్పాల్సిందే. తెల్లటి పొడి, పచ్చటి చిలుము నీటికి ఆనవాళ్లు. జిగురు పొరలు కనిపిస్తే, ఒకప్పుడు ట్యాంకు లోపల పూసిన సీలర్ ఊడుతోందని అనుమానించాలి. పీల్చుగొట్టం జాలీ శుభ్రంగా ఉండి పై ఫిల్టరు ఒక్కటే మురికైతే, మురికి పుట్టింది ఆ రెండిటి మధ్య ఉన్న గొట్టంలోనే.

అదనపు ఫిల్టరు ప్రశ్న

గొట్టం మధ్యలో ప్లాస్టిక్ ఫిల్టరు బిగించడం ఇప్పుడు మామూలు. పంపు ఉన్న మోటారుకు అది మంచిదే. ట్యాంకు ఎత్తున ఉండి బరువుతోనే పెట్రోలు దిగే మోటారుకు సన్నటి కాగితం ఫిల్టరు సరిపడదు. కొద్ది అంగుళాల ఎత్తు ఇచ్చే ఒత్తిడి ఆ కాగితాన్ని దాటించడానికి చాలదు, గాలి బుడగ కూడా ఇరుక్కుంటుంది. పెద్ద కన్నుల జాలీ ఫిల్టరే అక్కడ తగినది. పాతదనాన్ని యథాతథంగా కాపాడాలనుకునే సేకర్తలు అదనపు ఫిల్టరును మోటారు మీద కాకుండా, ట్యాంకులో పెట్రోలు పోసే గరాటాలో పెడతారు. నీటిని ఆపే జాలీ ఉన్న గరాటాలు ఇందుకే ఉన్నాయి.

విడిభాగాల లభ్యత కూడా ఈ నిర్ణయంలో భాగమే. అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 2000 డిసెంబరులో దివాలా తీసింది. 2001లో బొంబార్డియర్ దాని మోటార్ల వ్యాపారాన్ని కొన్నది. బొంబార్డియర్ వారసత్వంగా వచ్చిన బీఆర్‌పీ సంస్థ 2020లో ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ ఆపేసింది. గాస్కెట్లు, జాలీలు ఇతర తయారీదార్ల నుంచి దొరుకుతున్నా, గాజు గిన్నె వంటివి పాత సరుకు నుంచే వెతుక్కోవాలి.

భారత తీరంలో

కేరళ తీరంలో 1980ల నుంచి చేపల పడవలకు అవుట్‌బోర్డ్‌లు విరివిగా చేరాయి. అక్కడ మోటారును పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చి నడిపే పద్ధతి స్థిరపడింది. పెట్రోలు ఆవిరైనట్టు కిరోసిన్ ఆవిరి కాదు. గట్టు చేరే ముందు మళ్లీ పెట్రోలుకు మార్చకుండా ఆపితే, గొట్టంలో, కార్బ్యురేటరులో మిగిలిన కిరోసిన్ మర్నాడు మోటారును స్టార్ట్ కానివ్వదు. ఆంధ్ర తీరంలో ఫైబరు పడవలకు పొడవాటి ఇరుసు ఉన్న డీజిల్ ఇంజన్లు కూడా వాడుకలో ఉన్నాయి. వాటి ఫిల్టరు విధానం వేరు.

గోదావరి, కృష్ణా వరదల్లో జాతీయ విపత్తు స్పందన దళం గాలి నింపిన రబ్బరు పడవలకు అవుట్‌బోర్డ్‌లు బిగించి వాడుతుంది. అవి పాతకాలపు మోటార్లు కావు. కాని నెలల తరబడి ఖాళీగా ఉండి, ఒక్క రోజున తప్పనిసరిగా తిరగవలసిన మోటారుకు నిల్వ పెట్రోలు సమస్య వయసుతో సంబంధం లేకుండా ఒకటే.

నిల్వ పద్ధతి

సీజను వాడకం ముగిశాక గొట్టం ఊడదీసి, మోటారును నీళ్ల డ్రమ్ములో దానంతటది ఆగేదాకా నిదానంగా నడిపితే కార్బ్యురేటరు గిన్నె చాలావరకు ఖాళీ అవుతుంది. గిన్నె అడుగున ఖాళీ చేసే స్క్రూ ఉంటే మిగిలిన బొట్టూ తీసేయాలి. ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టాలి. అది కుదరకపోతే స్టెబిలైజర్ కలిపి నిండుగా నింపాలి. సగం ట్యాంకు అన్నిటికంటే చెడ్డది. ఫిల్టరును సీజను మొదట్లో ఒకసారి, కొత్తగా తెచ్చుకున్న పాత మోటారులోనయితే మొదటి కొన్ని ట్యాంకుల పెట్రోలు అయ్యేదాకా ప్రతి వాడకం తర్వాత చూడాలి. వరసగా రెండుసార్లు గిన్నె శుభ్రంగా కనిపించిన తర్వాతే ట్యాంకు, గొట్టం బాగున్నాయని నమ్మవచ్చు.